రంగు దించే వేళ
(వేసవి నాటకాల్లో పనిచేస్తూ తోటివారితో క్రైస్తవ విశ్వాసం పంచుకోవడం: 3వ పాఠం)

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? వారం రోజులు తోటివాడు చెప్పింది వినడమే తప్ప మీ సంగతి ఏదీ ఎత్తొద్దన్నాను. ఆయన సొంతూరు, పిల్లల చదువు, అప్పు ఎక్కడ తెచ్చాడు, ఏ వేషం కట్టాలని మనసులో ఉంది... ఈ నాలుగూ మీకింకా తెలియకపోతే ఈ పాఠం పక్కన పెట్టి వెనక్కి వెళ్ళండి. తొందరేం లేదు. శ్రీరామనవమి నుంచి తొలకరి దాకా అందరిదీ ఒకటే వ్యాను, ఒకటే చాప.

కొత్తగా చేరినవాళ్ళ కోసం ఒక్క మాట. నేను మేకప్ వాణ్ణి. విజయనగరంలో బయల్దేరి బొబ్బిలి, రాజాం, పాలకొండ, చీపురుపల్లి వైపు జాతరలకు వెళ్ళే పౌరాణిక నాటకాలకు రంగు వేస్తాను. ఆదివారం వస్తే నిద్రమొహంతో బాప్టిస్టు చర్చిలో వెనక బెంచీ మీద ఉంటాను. పాస్టరుగారికి తెలుసు, ఏమీ అనరు.

ఇవాళ్టి పాఠం: ఎప్పుడు చెప్పాలి, ఎంత చెప్పాలి.

రంగు వేసేటప్పుడు చెప్పొద్దు

మొదట్లో నేను చేసిన తప్పు ఇదే. నాటకం రాత్రి పదికి మొదలైతే ఏడింటికే పెట్టె విప్పుతాం. ఒక్కో మొహానికి అరగంట, ముప్పావుగంట. మనిషి ఎదురుగా కూర్చుంటాడు, కదలడు, ఎక్కడికీ పోడు. ఇంతకన్నా మంచి సమయం ఏముంటుంది అనుకున్నాను. ఆ ఏడాది మాకు దుర్యోధనుడి వేషం కట్టే ఆయన నాకంటే పదేళ్ళు పెద్ద, అన్నయ్యా అని పిలుస్తాను. ఆయన పై పెదవికి స్పిరిట్ గమ్ము రాసి, మీసం అంటించి, అది ఆరేదాకా వేలితో ఒత్తి పట్టుకుని, తప్పిపోయిన కుమారుడి కథ మొదలుపెట్టాను. పూర్తిగా చెప్పాను. పందుల పొట్టు దగ్గర్నుంచి కొవ్విన దూడ దాకా.

మీసం ఆరింది. ఆయన అద్దంలో చూసుకుని అన్నాడు: "ఏటి తమ్ముడూ, మూతికి గమ్ము ఎట్టీసి నీ పెబువు కత సెప్తన్నావు. నానేటైనా అందామన్నా నోరు తెరవనేను కదా!"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. బదులు చెప్పలేని మనిషికి చెప్పాను. అది పంచుకోవడం కాదు, అంటించడం. అప్పుడాయన మనసులో పద్యాలు తిప్పుకుంటున్నాడు కూడా. రాయబారం సీనులో ఒక పాదం తప్పితే రేపు ఏ ఊళ్ళో ఎవరు పిలుస్తారు? ఆయన అన్నం మీద కూర్చుని నేను కథ చెప్పాను.

ఇదే లెక్క మిగతా చోట్లకూ వేసుకోండి. లైట్లబ్బాయి నిచ్చెన మీద ఉన్నప్పుడు వద్దు. ప్రాంప్టరు పక్కన వద్దు. మీ దగ్గర కూలి తీసుకునే కుర్రాడికి మీరుగా అసలే మొదలుపెట్టొద్దు, వాడు వద్దనలేడు. నాటకంలో అమ్మాయిలకు మగవాళ్ళు ఒంటరిగా కూర్చోబెట్టి చెప్పొద్దు. మీ ఇంటి ఆడవాళ్ళను కలపండి, లేదా ఊరుకోండి.

రంగు దించేటప్పుడు

తెల్లారగట్ల నాలుగున్నర, ఐదు. కిరీటం పెట్టెలోకి పోయింది. కొబ్బరినూనె సీసా, పాత లుంగీ ముక్క. ఇప్పుడు ఎవరి రంగు వాళ్ళే తుడుచుకుంటారు. నూనె రాసిన కొద్దీ దుర్యోధనుడు పోయి మన అన్నయ్య బయటికొస్తాడు. టీ వస్తుంది. కొన్ని ఊళ్ళలో చోడి (రాగి) అంబలి ఇస్తారు, అది ఇంకా మేలు. ఎవరూ ఎవరికీ ఏమీ నటించక్కర్లేని గంట అది. అప్పుడైనా మీరు మొదలుపెట్టకండి. అడిగితే చెప్పండి.

అడుగుతారా? అడుగుతారు. పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయం పదిహేనో వచనం తీసి చూడండి. అడిగినవాడికి జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమన్నాడు, అదీ సాత్వికంతో. అడగనివాడి వెంటపడమని అక్కడ లేదు. మేకప్ పెట్టెకు హారతి ఇచ్చేటప్పుడు నేను తల వంచి పక్కన నిలబడతాను, కళ్ళకద్దుకోను. మా నాటక సమాజం పెద్దకు మొదటి రోజే చెప్పుకున్నాను: "పనిలో లోటు రానివ్వను, ఇదొక్కటి మన్నించండి" అని. (ప్రసాదం సంగతిలో మన సంఘాల్లోనే తలో మాట ఉంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఎనిమిదో అధ్యాయం చదివి మీ మనస్సాక్షిని అడగండి.) మూడు వేసవులు అది చూసిన అన్నయ్య ఒక తెల్లవారుజామున తనే అడిగాడు: "నువ్వెందుకలా పక్కకెల్తావు? ఏటి కత?"

మీసం సంఘటన జరిగిన మూడేళ్ళకు!

ఎంత చెప్పాలి

ఒక గ్లాసు టీ చల్లారేలోపు చెప్పగలిగినంత. యోహాను తొమ్మిదో అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ణి పెద్దలు నిలదీస్తే వాడు శాస్త్రచర్చకు దిగలేదు. అప్పుడు గుడ్డివాణ్ణి, ఇప్పుడు చూస్తున్నాను, నాకు తెలిసింది ఇదొక్కటే అన్నాడు. మన కథా అంతే ఉండాలి.

నాకు ఒంటికి పట్టని సలహా ఇది. అంతకుముందు హార్మోనిస్టుగారు మాటవరసకు "మీది తెల్లోళ్ళ మతం కదేటి" అన్నారు. నేను 1805లో విశాఖపట్నంలో దిగిన లండన్ మిషనరీల దగ్గర మొదలుపెట్టి, ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడి సాయంతో సువార్తలు తెలుగులోకి రావడం, 1812లో సేరాంపూర్‌లో అచ్చవడం దాకా దంచాను. అన్నీ నిజాలే. ఆయన రెండుసార్లు ఆవలించారు. తర్వాతెప్పుడో సంచీలోంచి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఆయన చేతిలో పెట్టాను. పాట పైన రాగం, తాళం అచ్చేసి ఉండటం చూసి ఆయనే హార్మోనియం పెట్టె ముందుకు లాక్కున్నారు. ఈ కీర్తనలు చాలా రాసిన పురుషోత్తమ చౌదరి మన పర్లాకిమిడి పక్క మనిషి అంటే, "ముందే చెప్పొచ్చుగా" అన్నారు.

ఇక అన్నయ్యకు నేను చెప్పింది ఇది, ఇంచుమించు ఇవే మాటల్లో:

"అన్నయ్యా, నేను తాగేవాణ్ణి. ఒక రాత్రి పెట్టె దగ్గరే పడిపోతే తెర కట్టే కుర్రాడు రంగులు వేశాడు. పొద్దున్న ఇంటికెళ్తే మా చెల్లి ఒక్క మాట అనలేదు. అన్నం పెట్టి, లోపలికెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది. నా పేరు చెప్పి ఏడుస్తోంది. నేనే అసహ్యించుకుంటున్న నన్ను ఇది ఎవరికి అప్పగిస్తోంది అనిపించింది. ఆయన్ని తెలుసుకోవాలని చర్చికెళ్ళాను. తర్వాత కూడా రెండుసార్లు తాగాను. ఆయన నన్ను వదల్లేదు. సిలువ మీద యేసు చచ్చిపోయింది నాలాంటివాడి కోసమేనని, మళ్ళీ లేచాడని నమ్ముతున్నాను. అందుకే పక్కన నిలబడతాను. మీ దేవుణ్ణి చిన్నచూపు చూసి కాదు."

ఆ "రెండుసార్లు తాగాను" తీసేయమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. తీయలేదు. సమాజంలో అందరికీ తెలిసిన సంగతి దాస్తే మిగతాదీ నమ్మరు.

మన మాటలు, వాళ్ళ మాటలు

చర్చిలో "సాక్ష్యం" అంటే మనకు ఒకటి, అన్నయ్యకు కోర్టు. "అభిషేకం" అంటే ఆయనకు శివాలయం. "రక్షణ", "విమోచన", "మారుమనస్సు" ఆదివారం మాటలు. వాటిని అక్కడే ఉంచి, అప్పు తీరింది, ఇంటికొచ్చాను, దారి మళ్ళాను అని చెప్పండి.

అన్నిటికంటే ఇరుక్కుపోయేది ఒక మాట దగ్గర. నేనిచ్చిన మత్తయి సువార్త చదువుతూ ఇరవై మూడో అధ్యాయం దగ్గర అన్నయ్య ఆగాడు. "వేషధారులారా" అని మళ్ళీ మళ్ళీ ఉంటుంది అక్కడ. "ఏటి తమ్ముడూ, మీవోడు మా పొట్టకూటి మీదే పడ్డాడేటి?" అన్నాడు. సరదాగానే అన్నాడు, కళ్ళు మాత్రం సరదాగా లేవు. ఊళ్ళలో "వేషాలోళ్ళు" అనిపించుకున్న మనిషి ఆయన.

గ్రీకులో అక్కడున్న మాటకు రంగస్థల నటుడనే అర్థం. అదే తర్వాత కపటికి తిట్టయింది. అలాగని చెప్పి, ఇంకోటి అన్నాను: "అన్నయ్యా, నువ్వు తెల్లారేసరికి రంగు దించేస్తావు. ఆయన తిట్టింది దించనివాళ్ళని." ఆయన కాసేపు గుడ్డముక్క వైపు చూసి "అలగైతే సరే" అన్నాడు. ఈ జవాబు పుస్తకంలో దొరకలేదు, చేతిలో ఉన్న కొబ్బరినూనెలో దొరికింది. మీ పనిలో మీకు దొరికేది వేరే ఉంటుంది.

నిజం చెప్పాల్సిన రెండు చోట్లు

ఒకటి, స్థలం. మన స్టేజీ చాలాసార్లు గుడి ఆవరణలోనే పడుతుంది. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ఆచరించే, ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది. దానిలో ఇంకొకర్ని మతం మార్చే హక్కు లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రభుత్వం ప్రకటించిన ఆరాధనా స్థలాల్లో ఇతర మతాల ప్రచారం కూడదని 2007లో మన రాష్ట్రంలో చట్టమూ వచ్చింది. ఆ ఊరు పేరు జాబితాలో ఉందా లేదా అని వెతకొద్దు. ఊరివాళ్ళు వాళ్ళ అమ్మవారి కోసం మనల్ని పిలిచి, భోజనం పెట్టి, డబ్బిచ్చారు. కరపత్రాలు పెట్టెలోనే ఉండనీయండి. మాటలకు వ్యాను ఉంది, రోడ్డు పక్క టీ బడ్డీ ఉంది.

రెండు, కుల సర్టిఫికెట్టు. ఎస్సీ కుటుంబాల నుంచి వచ్చిన కళాకారులు మన సమాజాల్లో ఎందరో. ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "మీలోకి వస్తే పిల్లాడి రిజర్వేషను పోతుందా?" పోతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకు, తర్వాత చేర్చిన సిక్కులకు, బౌద్ధులకే ఎస్సీ హోదా. క్రైస్తవులైనవాళ్ళు మన రాష్ట్రంలో బీసీ-సి కిందికి వస్తారు, కోటా ఒక్క శాతం. ఎస్టీలకు ఈ షరతు లేదు. "అదేం కాదులే, కాగితంలో ఒకటి, మనసులో ఒకటి" అని సర్దిచెప్పేవాళ్ళున్నారు. మత్తయి ఇరవై మూడు ఇప్పుడే చదివాం కదా.

ఈ వారం పని

మీ కథ ఒక పేజీలో రాయండి. చర్చి మాటలన్నీ ఎర్ర పెన్నుతో కొట్టేసి, వాటి చోట ఇంట్లో మాటలు రాయండి. మీకు గొప్ప తెచ్చే వాక్యం ఒకటి తీసేసి, చిన్నతనం తెచ్చేది ఒకటి చేర్చండి. మీ గురించి బాగా తెలిసినవాళ్ళకు చదివి వినిపించండి. వాళ్ళు "ఇది అబద్ధం" అన్న చోట దిద్దుకోండి. తర్వాత ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకోండి. ఈ వారం ఎవరికీ చెప్పొద్దు.

వచ్చే పాఠం: ఆయన విని, "బాగుంది తమ్ముడూ, నాకొద్దు" అన్నాక, మర్నాడు సాయంత్రం ఏడింటికి ఆ మొహానికే రంగు ఎలా వేయాలి. మా అన్నయ్య అదే అన్నాడు.