అంగారకుడి నీటి ఆవిరిని భూమి నుంచే కొలవడం

ముందు తేదీ చూసుకోండి, టెలిస్కోపు సంగతి తర్వాత. అంగారకుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చి పెద్దగా మెరిసే రోజులు ఈ పనికి పనికిరావు. అప్పుడు మనకూ దానికీ మధ్య సాపేక్ష వేగం దాదాపు సున్నా. వెలుగును రంగులుగా విడదీసిన వర్ణపటంలో నీటి ఆవిరి మింగిన చోట పడే సన్నటి నల్లగీతే నీటి గీత. అక్కడి నీటి గీత మన గాలిలోని నీటి గీత కిందే దాక్కుంటుంది. దానికి కొన్ని నెలల ముందో వెనకో వేగం సెకనుకు సుమారు 15 కిలోమీటర్లకు చేరుతుంది. 3.7 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర గీత సుమారు 0.0002 మైక్రాన్లు పక్కకు జరుగుతుంది. గ్రహం దగ్గరవుతుంటే నీలం వైపు, దూరమవుతుంటే ఎరుపు వైపు.

ఇంత చిన్న జరుగుదల కనబడాలంటే విభేదన శక్తి, అంటే దగ్గరదగ్గర తరంగదైర్ఘ్యాలను విడదీసే సామర్థ్యం, పదివేలల్లో ఉండాలి; 70,000 దాటితే మేలు. హవాయిలో మౌనా కీ మీది 3.2 మీటర్ల నాసా పరారుణ టెలిస్కోపు ఐఆర్‌టీఎఫ్‌లో ఐషెల్ అనే వర్ణపట పరికరం, వెలుగు లోపలికి వచ్చే సన్నటి చీలికతో, ఇది ఇస్తుంది. 3.7 మైక్రాన్ల దగ్గర డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) ఉన్న నీటి గీతలు వెతకండి. అక్కడ మన గాలి కాస్త దారిస్తుంది.

గ్రహం, ఆకాశం, ఆకాశం, గ్రహం అనే వరసలో తీయండి. ఖాళీ ఆకాశానికి జరిగేటప్పుడు గ్రహబింబం చీలికలోంచి పూర్తిగా బయటికి పోవాలి, లేకపోతే తీసివేతలో గ్రహపు వెలుగే కొంత పోతుంది. దీపపు ఫ్లాట్లు (పరికరం స్పందనలోని హెచ్చుతగ్గులు సరిచేయడానికి దీపపు వెలుగుతో తీసే చిత్రాలు) టెలిస్కోపును కదపకముందే తీయండి. తరంగదైర్ఘ్యానికి ఆకాశపు గీతలే కొలబద్ద.

మన గాలి గీతలు తీసేయడానికి ఏ0 రకం నక్షత్రాన్ని (సొంత గీతలు తక్కువగా ఉండే వేడి తెల్ల నక్షత్రం) ఆకాశంలో గ్రహం ఉన్న ఎత్తుకు దగ్గరగా ఉన్నప్పుడు చూడండి. ఎత్తు తేడా ఉంటే బలమైన గీతల చోట డబ్ల్యూ ఆకారపు మచ్చలు మిగులుతాయి, వాటినే గ్రహపు నీరని పొరబడతారు. గ్రహం తిప్పిపంపే వెలుగులోని సూర్యుడి గీతలూ తీసేయాలి. దొరికిన గీత నిజమో కాదో తేల్చేది ఒకటే: గ్రహం దూరమయ్యే నెలల్లో అది రెండో వైపుకి మారాలి.