కౌన్సెలర్ గది దాకా రాని పిల్లలను చేరుకోవడం ఎలా?

ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో కౌన్సెలింగ్ బాధ్యత చూసేవారు, ప్రత్యేకంగా నియమితులైనా, బోధనతోపాటు అదనంగా ఆ పని చేస్తున్న ఉపాధ్యాయులైనా, ముందుగా గత రెండు నెలల్లో తమతో మాట్లాడిన పిల్లల పేర్లను హాజరు పట్టీతో సరిచూసుకోవాలి. మంచి మార్కులు వచ్చేవారు, అల్లరి చేసి పట్టుబడినవారు ఆ పేర్లలో తప్పకుండా ఉంటారు. ఎవరి జోలికీ పోకుండా వెనుక బెంచీలో కూర్చునేవారు, పత్తి ఏరే రోజుల్లో బడి మానేవారు, ఇంట్లో కోయ లేదా గోండీ మాట్లాడేవారు చాలాసార్లు ఉండరు. అలా మిగిలిపోయిన ప్రతి ఒక్కరికీ కనీసం పదిహేను నిమిషాలు కేటాయించాలి, అదీ బడి వేళల్లోనే. సాయంత్రం రమ్మంటే, ఉన్న ఒక్క బస్సూ అందుకోవలసిన అమ్మాయి రాలేకపోతుంది. ఆమెకు ఆసక్తి లేదని రాసుకోవడం అన్యాయం.

పదో తరగతి తర్వాత ఏం చదవాలనే విషయంలోనే పక్షపాతం మనకు తెలియకుండా ఎక్కువగా దూరుతుందని నా అభిప్రాయం. కూలి చేసుకునేవారి అబ్బాయితో "నీకు ఐటీఐ చాలు" అనే ముందు, అవే మార్కులు వచ్చిన డాక్టరుగారి అబ్బాయికి అదే మాట చెబుతామా అని ప్రశ్నించుకోవాలి. ఐటీఐ చిన్న చదువని కాదు, ఎంచుకోవలసింది ఆ పిల్లవాడు. అందుకే ఇంటర్ గ్రూపులు, పాలిసెట్, ఐటీఐ, ఆర్‌జీయూకేటీ ట్రిపుల్ ఐటీలు, గురుకుల జూనియర్ కళాశాలల వివరాలున్న ఒకే కాగితాన్ని తరగతిలో అందరికీ ఇచ్చి, చదివి వినిపించి, ఆ తర్వాతే విడివిడిగా మాట్లాడాలి.

సమాచారం ఇచ్చి ఊరుకుంటే సరిపోదు. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్‌ఎంఎంఎస్ పరీక్షలో ఎంపికైతే, తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు ఏటా 12,000 రూపాయల ఉపకారవేతనం వస్తుంది. అయితే ఒక రోజు కూలి పోగొట్టుకుని ఆదాయ ధ్రువపత్రం కోసం తిరగలేని తల్లికి, ఏ కాగితాలు కావాలో రాసిచ్చి, దరఖాస్తు బడిలోనే నింపిపెట్టాలి. అందరికీ అంత సాయం అవసరం ఉండదు. అవసరమున్నవారికి ఎక్కువ సమయం ఇవ్వడం పక్షపాతం కాదు.

చదవడంలో తడబడే పిల్లలను సోమరులనకూడదు. చదవడం, రాయడం, లెక్కలు చేయడం కష్టమయ్యే నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించింది. పరీక్షలో అదనపు సమయం వంటి వెసులుబాట్లకు ధ్రువపత్రం కావాలి కనుక, అనుమానం కలిగిన ఏడాదే వైద్య పరీక్ష చేయించమని తల్లిదండ్రులకు నచ్చజెప్పాలి.

కులం, ఇంటి అప్పులు, నాన్న తాగుడు వంటి విషయాలను నలుగురిలో అడగకూడదు. భాష తెలియక దుబాసీ అవసరమైతే తోటి విద్యార్థిని కూర్చోబెట్టకూడదు. లైంగిక వేధింపు సంగతి బయటపడితే, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపడం తప్పనిసరి. కాబట్టి "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకుండా, ఏ విషయాలు తమలో దాచుకోగలరో, ఏవి చెప్పక తప్పదో మొదటి రోజే ప్రతి బిడ్డకూ వివరించి, పిల్లల సహాయవాణి 1098 నంబరును నోటుపుస్తకంలో రాయించాలి.