పాఠాన్ని కత్తిరించి చదివించండి

గుంటూరులో ఏడో తరగతికి తెలుగు చెబుతాను. వాచకం తెరవగానే "చదవండి" అనడం మానేశాకే మా పిల్లలు నిజంగా చదవడం మొదలుపెట్టారు.

ప్రకాశం బ్యారేజీ మీద పది వాక్యాల పేరా నేనే రాసుకుంటాను: కృష్ణ మీద పాత ఆనకట్ట, దాని స్థానంలో 1957లో పూర్తయిన బ్యారేజీ, టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు, డెల్టాకు పారే కాలువలు. ముందు శీర్షిక ఒక్కటే బోర్డు మీద రాసి, లోపల ఏముంటుందో అడగండి. రెండు నిమిషాలు చాలు.

తర్వాత వాక్యాలను చీటీలుగా కత్తిరించి నలుగురికొక కట్ట ఇవ్వండి. వరుసలో పేర్చాలి. అసలు పని ఇక్కడే. "ఇందులో 'అందువల్ల' అని ఉంది టీచర్, దీనికి ముందు కారణం రావాలి" అని వాళ్లే పట్టేస్తారు. 'అది', 'అక్కడ', 'ఆ తర్వాత' దేన్ని చెబుతున్నాయో గీత గీసి కలపమనండి. వరుస తప్పితే వెంటనే దిద్దకండి, ఎందుకలా పెట్టారో చెప్పనివ్వండి. మొదట్లో నేను తొందరపడి దిద్దేదాన్ని. వెనక బెంచీ పిల్లలు ఇక నోరు విప్పేవాళ్లు కాదు.

పైకి చదివించడం చివర్లోనే, అర్థమయ్యాక. ఇంటిపనిగా, మిర్చి యార్డుకు వెళ్లొచ్చిన ఇంటి పెద్దలను అడిగి ఐదు వాక్యాలు రాసి, కత్తిరించి తెమ్మనండి. మర్నాడు పక్కవాళ్లు పేరుస్తారు.