చిన్న పిట్టల వేటకు ఏ షాట్‌గన్?

కౌజుల్లాంటి చిన్న పక్షుల వేటకు షాట్‌గన్ కొనేటప్పుడు చాలామంది నేరుగా 12 గేజ్ (గేజ్ అంటే గొట్టం లావును చెప్పే నంబర్) వైపే వెళ్తారు. నన్నడిగితే 20 గేజ్ చాలు. గేజ్ నంబర్ పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది: 12కి సుమారు 18.5 మి.మీ., 20కి 15.6. తుపాకీ కూడా తేలిగ్గా ఉంటుంది, రోజంతా మోసినా చెయ్యి లాగదు. 410 బోర్ (ఇది గేజ్ నంబర్ కాదు, గొట్టం వ్యాసం 0.410 అంగుళాలని అర్థం; అన్నిటికన్నా సన్నది) చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది గానీ ఒక్కో తూటాలో గుళ్లు తక్కువ, కొత్తవాళ్లకు కష్టం.

అసలు చూడాల్సింది తుపాకీ మీ ఒంటికి కుదిరే కొలత. తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, కళ్లు మూసుకుని భుజానికి ఎత్తండి. చెంప తుపాకీ వెనకవైపు కర్రకు ఆనాక కళ్లు తెరవండి. గొట్టం చివర గురికోసం ఉండే పూస సరిగ్గా కంటికెదురుగా కనిపిస్తే సరిపోయినట్టే. మెడ వంచి వెతుక్కోవాల్సి వస్తే, ఎంత అందంగా ఉన్నా వదిలేయండి.

చోక్ (గుళ్లు ఎంత వెడల్పుగా చెదరాలో నిర్ణయించే, గొట్టం చివరి ఇరుకు) ఇంప్రూవ్డ్ సిలిండర్, అంటే కొద్దిపాటి ఇరుకు; గుళ్లు 8వ నంబర్, అంటే సన్నవి. దగ్గర్లో లేచే పిట్టకు అంతకన్నా అక్కర్లేదు.