సబ్జెక్ట్ ఏదో ఆబ్జెక్ట్ ఏదో తేల్చే చిన్న చిట్కా

ఇంగ్లీష్ వాక్యంలో ఏ నౌన్ సబ్జెక్ట్, ఏది ఆబ్జెక్ట్ అని అడిగితే పిల్లలు తడబడతారు. మనకైతే ని, కి లాంటివి అతుక్కుని చెప్పేస్తాయి, అక్కడ ఆ సౌకర్యం లేదు. నిర్వచనాలు బట్టీ పట్టించే బదులు ఇలా చేయించండి.

నౌన్ తీసేసి ఆ చోట హీ, హిమ్ రెండూ పెట్టి చదవాలి. హీ కుదిరితే సబ్జెక్ట్, హిమ్ కుదిరితే ఆబ్జెక్ట్. ఆడవాళ్లయితే షీ, హర్. ఎక్కువమందో వస్తువులో అయితే దే, దెమ్. 'ద బాయ్స్ బ్రోక్ ద విండోస్' తీసుకోండి: బాయ్స్ చోట దే, విండోస్ చోట దెమ్, అంతే. 'విత్ రవి' లాంటి చోట కూడా విత్ హిమ్ అనే వస్తుంది, కాబట్టి అదీ ఆబ్జెక్టే, కాకపోతే విత్ అనే ప్రిపొజిషన్‌ది.

ఒక్క మాట కాదు, దానితో ఉన్న గుంపు మొత్తం మార్చాలి, అసలు లాభం ఇక్కడే. 'ద బాక్స్ ఆఫ్ మాంగోస్' అంతా కలిపి ఇట్ అవుతుంది, అందుకే తర్వాత ఈజ్ రావాలి. పక్కనే మాంగోస్ ఉంది కదా అని ఆర్ రాస్తే మార్కు పోయినట్టే.

ఈజ్, వాజ్, బికేమ్ లాంటి వాటి తర్వాత మాత్రం ఇది పనిచేయదు. 'హర్ ఫాదర్ ఈజ్ ఎ డాక్టర్'లో డాక్టర్ ఆబ్జెక్ట్ కాదు, ఫాదరూ డాక్టరూ ఒకరే, దాన్ని కాంప్లిమెంట్ (complement, పొగడ్త కాదు, సబ్జెక్ట్ గురించే చెప్పే మాట) అని రాయించండి.