ఇంట్లో సర్వర్ – 7వ పాఠం: డిస్క్ రాకపోయినా సర్వర్ లేవాలి, బ్యాకప్ మాత్రం ఆగాలి

పోయిన పాఠం చివర్లో ఒక మాట రాశాను: ఎఫ్‌ఎస్‌ట్యాబ్ (బూట్‌లో ఏ డిస్క్‌ని ఎక్కడ తగిలించాలో రాసి ఉండే ఫైల్) జోలికి ఇప్పుడే పోవద్దు, కొన్నాళ్లు డిస్క్‌ని చేత్తోనే మౌంట్ చేసుకుంటూ (అంటే ఒక ఫోల్డర్‌కి తగిలించుకుంటూ) వాడండి అని. వచ్చిన ఉత్తరాలు చూస్తే అక్కడిదాకా ఎవరూ చదివినట్టు లేరు. చాలామంది ఆ రాత్రే ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో /డెవ్/ఎస్‌డీఏ1 అని రాసేశారు. రీబూట్ చేస్తే పనిచేసింది, హాయిగా పడుకున్నారు. తర్వాత ఎప్పుడో కరెంటు పోయి వచ్చింది. సర్వర్ మాత్రం రాలేదు.

అందుకని ఈసారి చెబుతానన్న సాంబాని (ఇంట్లో అందరికీ ఫైళ్లు పంచే ప్రోగ్రామ్) పక్కన పెట్టాను. ముందు ఈ గొడవ తేల్చుకుందాం.

ఎప్పటిలాగే కమాండ్లను పలికే తీరులో తెలుగులో రాస్తున్నాను. టెర్మినల్‌లో ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. పెద్ద అక్షరాలు కావాల్సిన చోట చెబుతాను. నానోలో ఫైల్ తెరవడం, సేవ్ చేయడం మళ్లీ చెప్పను.

సర్వర్ ఎందుకు లేవలేదు

ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనేవి డిస్క్‌ల సొంత పేర్లు కావు. కెర్నెల్‌కి, అంటే లినక్స్ గుండెకాయకి, ముందు కనబడింది ఎస్‌డీఏ, తర్వాత కనబడింది ఎస్‌డీబీ, అంతే. రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్) వాడేవాళ్లకి సిస్టమ్ ఎస్‌డీ కార్డు మీద ఉంటుంది, దానికి ఎమ్ఎమ్‌సీబీఎల్‌కే అనే వేరే పేరు. కాబట్టి ఈ వరస గొడవంతా యూఎస్‌బీలో పెట్టినవాటికే.

మరి మీరు రీబూట్ చేసినప్పుడు ఎందుకు పనిచేసింది? అప్పటికే డిస్క్ తిరుగుతూ ఉంది కాబట్టి. కరెంటు పోయి వచ్చినప్పుడు అన్నీ ఒకేసారి లేస్తాయి. తిరిగే హార్డ్ డిస్క్‌కి వేగం అందుకోవడానికి కొన్ని సెకన్లు కావాలి. పక్క పోర్ట్‌లో మర్చిపోయిన పెన్‌డ్రైవ్‌కి ఆ అవసరం లేదు, అది ముందే దూరిపోయి ఎస్‌డీఏ అయి కూర్చుంటుంది. ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఏమో ఎస్‌డీఏ1ని ఈఎక్స్‌టీ4గా (లినక్స్ డిస్క్ ఫార్మాట్) మౌంట్ చేయమంటోంది. పెన్‌డ్రైవ్‌లో ఉన్నది ఫ్యాట్ అనే వేరే ఫార్మాట్. మౌంట్ ఫెయిల్, బూట్ అక్కడే ఆగి ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోతుంది. డిస్క్ అసలు కనబడకపోతే సిస్టమ్‌డీ (బూట్‌ని నడిపించే ప్రోగ్రామ్) మామూలుగా 90 సెకన్లు ఎదురుచూసి, ఆ తర్వాత అదే గతి పట్టిస్తుంది.

ఎమర్జెన్సీ మోడ్‌లో ఎస్‌ఎస్‌హెచ్ ఉండదు, అంటే దూరం నుంచి లోపలికి వెళ్లలేరు. మానిటర్ పెట్టి చూస్తే రూట్ (అన్ని అధికారాలూ ఉన్న ఖాతా) పాస్‌వర్డ్ అడగాలి. కానీ రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లోనూ ఉబుంటులోనూ రూట్ ఖాతాకి తాళం వేసే ఇస్తారు. దాంతో 'రూట్ ఖాతా లాక్ అయి ఉంది' అని చెప్పి అక్కడే నిలబడిపోతుంది.

తెనాలిలో అమ్మానాన్నల ఇంట్లో సర్వర్ పెట్టి డాలస్‌లో కూర్చున్న ఒకాయన పరిస్థితి ఇదే. వీడియో కాల్‌లో వాళ్ల నాన్నగారితో ఈ పని చేయించాడట:

"నాన్నా, పెన్‌డ్రైవ్ తీసెయ్యి. నీలం రంగు పోర్ట్‌లో ఉందే, అది."

"రెండూ నీలంగానే ఉన్నాయిరా. లైటు వెలిగేదా, వెలగనిదా?"

రాస్ప్‌బెర్రీ పై 4లో నీలం పోర్ట్‌లు రెండుంటాయి మరి. చివరికి పెద్దాయన రెండూ పీకి, డిస్క్ ఒక్కటే పెట్టి, పవర్ ఆపి వేశారు. సర్వర్ వచ్చింది. ఇంకా ఇరుక్కుని ఉన్నవాళ్లు కూడా ముందు ఇదే చేయండి. అప్పటికీ రాకపోతే కార్డు తీసి ఇంకో లినక్స్ కంప్యూటర్‌లో పెట్టండి. దాని ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఆ లైను ముందు హ్యాష్ గుర్తు పెట్టి, మళ్లీ పైలో వేయండి.

సరైన లైను

డిస్క్‌కి పేరు పెడదాం. ముందు 'ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఎఫ్' కొట్టి, ఇవాళ మీ డిస్క్ ఏ పేరుతో ఉందో చూసుకోండి. ఎస్‌డీఏ1 అయితే:

సుడో ఈ2లేబుల్ /డెవ్/ఎస్‌డీఏ1 గాదె

ఈఎక్స్‌టీ4 లేబుల్‌కి 16 బైట్లు దాటకూడదు. తెలుగు లిపిలో 'గాదె' 12 బైట్లే, పట్టేస్తుంది. అయినా ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టండి. నల్ల తెర కన్సోల్‌లో తెలుగు కనబడదు, సరిగ్గా మీకు అవసరమైన రోజున గడులు కనిపిస్తాయి.

ఇప్పుడు /ఈటీసీ/ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో పాత లైను తీసేసి, ఇది ఒకే లైనుగా రాయండి:

లేబుల్=గాదె /ఎస్‌ఆర్‌వీ/గాదె ఈఎక్స్‌టీ4 డిఫాల్ట్స్,నోఫెయిల్,ఎక్స్-సిస్టమ్‌డీ.డివైస్-టైమౌట్=15ఎస్ 0 2

లైను మొదట్లో 'లేబుల్' అన్న మాట పెద్ద అక్షరాల్లో. కామాల పక్కన ఖాళీ వదలకూడదు. చివరి 2 అంటే బూట్‌లో రూట్ డిస్క్ (సిస్టమ్ ఉన్నది) తర్వాత దీన్ని చెక్ చేయమని. దాని ముందున్న 0 గురించి పట్టించుకోకండి.

లేబుల్ ఎందుకు, అందరూ యూయూఐడీ (ఫార్మాట్ చేసినప్పుడు డిస్క్‌కి పడే గుర్తింపు సంఖ్య) అంటారు కదా అని అడుగుతారు. అది కూడా సరైనదే. నాకు కళ్లతో చదవగలిగే పేరు ఇష్టం, అర్ధరాత్రి 36 అక్షరాల సంఖ్య సరిచూసుకునే ఓపిక లేదు. ఒకే లేబుల్ రెండు డిస్క్‌లకి మాత్రం పెట్టకండి. యూయూఐడీయే కావాలంటే, పార్ట్‌యూయూఐడీతో (అది పార్టిషన్‌కి ఉండే సంఖ్య) కలిపేయకండి, అవి రెండూ వేరు. రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ తన రూట్ లైనులో పార్ట్‌యూయూఐడీ వాడుతుంది. దాన్ని చూసి, యూయూఐడీ అని రాసి పక్కన పార్ట్‌యూయూఐడీ అంకెలు అతికించినవాళ్లు కూడా మనలో ఉన్నారు.

ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫార్మాట్) డిస్క్‌ని అలాగే ఉంచొచ్చా అన్నవాళ్లకి: ఉంచొచ్చు. నేనైతే ఉంచను.

రాశాక రీబూట్ చేయకుండానే పరీక్షించండి: 'సుడో సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్', తర్వాత 'సుడో ఫైండ్‌మౌంట్ --వెరిఫై', తర్వాత 'సుడో మౌంట్ -ఏ'. ఈ ఫైండ్‌మౌంట్‌లో 'మౌంట్' అన్నచోట ఎమ్, ఎన్, టీ మూడే అక్షరాలు. వెరిఫై తప్పు పట్టినంతసేపూ రీబూట్ వద్దు.

నోఫెయిల్ తెచ్చే తిప్పలు

నోఫెయిల్ పెట్టారు. డిస్క్ రాకపోయినా సర్వర్ లేస్తుంది. ఇక టెన్షన్ లేదనుకుంటున్నారు కదా? అసలు దెబ్బ ఇక్కడే తగులుతుంది. ఇంటి సర్వర్ల మీద రాసేవాళ్లు చాలామంది నోఫెయిల్ పెట్టమని చెప్పి చేతులు దులుపుకుంటారు. నాకు ఒళ్లు మండేది అందుకే.

/ఎస్‌ఆర్‌వీ/గాదె అనేది డిస్క్ కాదు. అది మీ ఎస్‌డీ కార్డు మీద ఉన్న మామూలు ఫోల్డర్. డిస్క్‌ని మౌంట్ చేస్తే దాని మీద పరిచినట్టు. పరిచాక మీకు డిస్క్‌లోని ఫైళ్లే కనిపిస్తాయి, అడుగున కార్డు మీద ఏమున్నా కనబడదు. తీసేస్తే అడుగుది మళ్లీ బయటపడుతుంది. డిస్క్ లేదని ఏ ప్రోగ్రామ్‌కీ ఎవరూ చెప్పరు. ఫోల్డర్ ఉంది, రాయొచ్చు, రాస్తుంది.

ఇప్పుడు కథ చూడండి. రాత్రి 2 గంటలకి క్రాన్ (చెప్పిన వేళకి పనులు నడిపేది) మీ ఫోన్ ఫొటోలని ఆర్‌సింక్‌తో (కొత్తవాటినే కాపీ చేసే ప్రోగ్రామ్) గాదెలోకి కాపీ చేస్తుంది. ఆ రోజు డిస్క్ కేబుల్ వదులైంది. నోఫెయిల్ పుణ్యమా అని సర్వర్ లేచింది. ఆర్‌సింక్ వచ్చి చూస్తే గాదె ఖాళీగా ఉంది. అన్నీ కొత్త ఫొటోలే అనుకుని మొదటి నుంచి మొదలెట్టింది. ఎటు? 32 జీబీ కార్డు మీదికి. తెల్లారేసరికి 'డీఎఫ్ -హెచ్' ఇలా ఉంటుంది: రూట్ (అంటే కార్డు), సైజు 29జీ, వాడింది 29జీ, మిగిలింది 0, 100%. లాగ్ రాయలేదు, ఆప్ట్ (ప్రోగ్రామ్‌లు ఇన్‌స్టాల్ చేసేది) నడవదు, డేటాబేస్ పడిపోయింది.

మీరు కేబుల్ బిగించి డిస్క్ మౌంట్ చేస్తారు. ఫొటోలన్నీ ఉన్నాయి, హమ్మయ్య అనుకుంటారు. కానీ రూట్ ఇంకా 100% దగ్గరే ఉంది. 'సుడో డీయూ -ఎక్స్‌ఎస్‌హెచ్ /' అంటే 7జీ అంటుంది. మిగతా 22జీ ఎక్కడ? డిస్క్ అడుగున. డీయూ అక్కడికి వెళ్లలేదు, మీరూ వెళ్లలేరు. ఇక్కడే చాలామంది కార్డు చెడిపోయిందని కొత్తది కొనేస్తారు.

అడుగున చూడాలంటే రూట్‌ని ఇంకో చోట కూడా కనబడేలా చేయాలి:

సుడో ఎమ్‌కేడిర్ /ఎమ్‌ఎన్‌టీ/అడుగు
సుడో మౌంట్ --బైండ్ / /ఎమ్‌ఎన్‌టీ/అడుగు
సుడో డీయూ -ఎస్‌హెచ్ /ఎమ్‌ఎన్‌టీ/అడుగు/ఎస్‌ఆర్‌వీ/గాదె

బైండ్ చేసినప్పుడు రూట్ మీద పరిచిన వేరే డిస్క్‌లు వెంట రావు. అందుకే దాక్కున్నవి బయటపడతాయి. వెంటనే తుడిచేయకండి. ఆ రాత్రి వచ్చిన కొత్త ఫొటోలు అక్కడ తప్ప ఇంకెక్కడా ఉండకపోవచ్చు. ముందు ఆర్‌సింక్‌తో డిస్క్ మీదికి తెచ్చుకుని, ఆ తర్వాత తీసేయండి. తీసేసేటప్పుడు దారి 'అడుగు' గుండా ఉందో లేదో ఎంటర్ కొట్టేముందు మళ్లీ చదవండి. అది లేకుండా /ఎస్‌ఆర్‌వీ/గాదె లోపల ఆర్ఎమ్ కొడితే పోయేది అసలు డిస్క్‌లోని ఫొటోలు.

ఇంతకంటే ఘోరం ఇంకోటుంది. గాదె నుంచి రెండో డిస్క్‌కి '--డిలీట్' పెట్టి ఆర్‌సింక్ చేస్తున్నవాళ్లు. గాదె మౌంట్ కాలేదు, ఖాళీ. మూలం ఖాళీగా ఉంటే గమ్యం కూడా ఖాళీగా ఉండాలని ఆర్‌సింక్ అనుకుంటుంది. మీరు చెప్పింది అదే. రెండో డిస్క్ మొత్తం తుడిచిపెట్టేస్తుంది, ఒక్క ఎర్రర్ లేకుండా. '--మ్యాక్స్-డిలీట్=100' లాంటిది పెడితే ఆ సంఖ్య దాటాక తుడవడం ఆపుతుంది. పెట్టుకోండి.

డాకర్‌తో (యాప్‌లని కంటైనర్లనే విడివిడి పెట్టెల్లో నడిపేది) కూడా ఇదే తంతు. నోఫెయిల్ ఉన్న డిస్క్ కోసం బూట్ ఆగదు కాబట్టి డిస్క్ కంటే ముందే కంటైనర్ లేవొచ్చు. ఫొటోల యాప్ ఖాళీ ఫోల్డర్ చూసి, మీరు కొత్తగా వచ్చారనుకుని అడ్మిన్ ఖాతా పెట్టుకోమంటుంది. నెక్స్ట్‌క్లౌడ్ (సొంత సర్వర్ మీద ఫైళ్లు దాచుకునే యాప్) వాళ్లు దీనికి కాపలా పెట్టారు. పాత వెర్షన్లలో డేటా ఫోల్డర్‌లో '.ఓసీడేటా' అనే ఫైల్ కనబడకపోతే, డేటా ఫోల్డర్ సరైనది కాదని చెప్పి నడవనంటుంది. మనమూ అదే చేద్దాం.

మూడు తాళాలు

మొదటిది, నేను ఎక్కడికెళ్లినా వేసేది. డిస్క్ తీసేసి, అడుగున ఉన్న ఖాళీ ఫోల్డర్‌ని కదలకుండా బిగించడం:

సుడో యూమౌంట్ /ఎస్‌ఆర్‌వీ/గాదె
ఎల్‌ఎస్ -ఏ /ఎస్‌ఆర్‌వీ/గాదె
సుడో సీహెచ్‌అట్ర్ +ఐ /ఎస్‌ఆర్‌వీ/గాదె
సుడో మౌంట్ /ఎస్‌ఆర్‌వీ/గాదె

మొదటి కమాండ్‌లో 'యూ' తర్వాత 'ఎన్' లేదు, ఎమ్ వెంటనే వస్తుంది. ఎల్‌ఎస్‌లో ఒక చుక్క, జంట చుక్కలు తప్ప ఇంకేమీ ఉండకూడదు. 'లాస్ట్+ఫౌండ్' కనబడిందంటే డిస్క్ ఇంకా పైనే ఉంది, అక్కడే ఆగండి. అలాగే ముందుకెళితే తాళం డిస్క్‌కే పడుతుంది, దాని పై ఫోల్డర్‌లో ఇక ఏ ఫైలూ పెట్టలేరు, తీయలేరు. డిస్క్ బిజీ అంటే 'సుడో ఫ్యూజర్ -వీఎమ్ /ఎస్‌ఆర్‌వీ/గాదె' ఎవరు పట్టుకున్నారో చెబుతుంది.

ఇక డిస్క్ లేనప్పుడు రూట్ అయినా సరే ఆ ఫోల్డర్‌లో ఒక్క ఫైల్ పెట్టలేడు. మౌంట్ మాత్రం మామూలుగానే అవుతుంది. ఫోల్డర్ రూట్ పేరున ఉంటే చాలదా అని అడగొద్దు. మీ క్రాన్ జాబ్, డాకర్ నడిచేది రూట్‌గానే.

రెండోది, బ్యాకప్ స్క్రిప్ట్‌లో ఆర్‌సింక్ పైన ఒక లైను:

మౌంట్‌పాయింట్ -క్యూ /ఎస్‌ఆర్‌వీ/గాదె || ఎగ్జిట్ 1

మొదటి తాళం రాయడాన్నే ఆపుతుంది. పైన చెప్పిన --డిలీట్ ప్రమాదంలో గాదె నుంచి చదువుతాం కాబట్టి అక్కడ మొదటి తాళం పనికిరాదు, ఈ లైనే దిక్కు. వేరే డిస్క్ వచ్చి అదే చోట కూర్చుంటే అన్న అనుమానం ఉన్నవాళ్లు డిస్క్ లోపల '.ఉన్నాను' అనే ఖాళీ ఫైల్ పెట్టి, అది ఉందో లేదో కూడా స్క్రిప్ట్‌లో చూడండి.

మూడోది డాకర్ వాడేవాళ్లకే. 'సుడో సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ డాకర్' కొట్టి, యూనిట్ అనే శీర్షిక (చదరపు బ్రాకెట్లలో, మొదటి అక్షరం పెద్దది) కింద 'రిక్వయర్స్‌మౌంట్స్‌ఫర్=/ఎస్‌ఆర్‌వీ/గాదె' అని రాయండి. మూడు మాటల మొదటి అక్షరాలూ పెద్దవి, మధ్యలో ఖాళీ లేదు. డిస్క్ వచ్చేదాకా డాకర్ లేవదు. డిస్క్‌తో పనిలేని కంటైనర్లు కూడా ఆగిపోతాయని ఒకరు ముందే గొణిగారు. ఆగనివ్వండి.

సాధన

ఫొటోలున్న డిస్క్‌తో ఇది చేయొద్దు. పాత పెన్‌డ్రైవ్‌ని ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేసి, 'పరీక్ష' అని లేబుల్ పెట్టి, /ఎస్‌ఆర్‌వీ/పరీక్ష దగ్గర పై పద్ధతిలో ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో రాయండి. సీహెచ్‌అట్ర్ ఇప్పుడే వద్దు.

సర్వర్ ఆపి, పెన్‌డ్రైవ్ పీకి, ఆన్ చేయండి. ఎస్‌ఎస్‌హెచ్ రావాలి. ఖాళీ ఫోల్డర్‌లోకి 'సుడో ఫాలొకేట్ -ఎల్ 1జీ /ఎస్‌ఆర్‌వీ/పరీక్ష/దెయ్యం' అని 1 జీబీ ఫైల్ పుట్టించండి. పెన్‌డ్రైవ్ పెట్టి మౌంట్ చేయండి. దెయ్యం మాయమవుతుంది, డీఎఫ్‌లో మాత్రం ఉంటుంది. బైండ్‌తో దాన్ని పట్టుకుని తుడిచేయండి. తర్వాత మూడు తాళాలూ వేసి, మళ్లీ పీకి, మళ్లీ ఆన్ చేసి, అదే ఫైల్ పుట్టించబోండి. అనుమతి లేదనాలి. బ్యాకప్ స్క్రిప్ట్ నడిపి, వెంటనే 'ఎకో $?' కొట్టండి, 1 రావాలి.

ఆఖరిది ఒంటరిగా చేసేది కాదు. మీరు గదిలో లేనప్పుడు ఇంట్లో ఎవరినైనా ఆ పెన్‌డ్రైవ్ పీకి, మెయిన్ స్విచ్ ఆపి వేయమనండి. ఎప్పుడో మీకు చెప్పొద్దనండి. మీరు ఫోన్‌లోంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్లి, డిస్క్ రాలేదని, కార్డు మీద ఒక్క బైటు కూడా పడలేదని చూపించే రెండు కమాండ్ల అవుట్‌పుట్ నాకు పంపండి. ఏ రెండు కమాండ్లో ఈ పాఠంలోనే ఉన్నాయి. అవి వచ్చాకే సాంబా.