సేంద్రియ సౌర ఘటాలు, 5వ పాఠం: లూమోలోంచి లూమో తీసేయకండి

ఈసారి నేరుగా, ఎలక్ట్రాన్ ఎంత వేగంగా దూకుతుందో చెప్పే మార్కస్ సమీకరణంలోకి వెళ్దామనుకున్నాను. కానీ పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్కకు వచ్చిన జవాబులు చూశాక అది కాస్త వెనక్కి పోయింది. ఆ లెక్క తేలకుండా మార్కస్ దగ్గరికి వెళ్తే, అందులో వేసే అంకెలే తప్పుతాయి.

లెక్క మళ్లీ చెప్తాను. డోనర్ అంటే ఎలక్ట్రాన్ ఇచ్చే పదార్థం, యాక్సెప్టర్ అంటే పుచ్చుకునేది. హోమో అంటే అణువులో ఎలక్ట్రాన్లున్న అన్నిటికన్నా పై మెట్టు, లూమో దాని పైనున్న మొదటి ఖాళీ మెట్టు. డోనర్ హోమో మైనస్ 5.1, లూమో మైనస్ 2.7. యాక్సెప్టర్ లూమో మైనస్ 3.8. అన్నీ ఎలక్ట్రాన్ వోల్టుల్లో, సైక్లిక్ వోల్టామెట్రీ (ద్రావణంలో వోల్టేజి మారుస్తూ అణువుకు ఎలక్ట్రాన్ ఇచ్చి, లాగి కొలిచే పద్ధతి) నుంచి తీసినవి. డోనర్ శోషణ అంచు, అంటే అది పీల్చగల కాంతిలో అన్నిటికన్నా పొడవైన తరంగదైర్ఘ్యం, 650 నానోమీటర్లు. డోనర్ మీద కాంతి పడ్డాక ఎలక్ట్రాన్ యాక్సెప్టర్‌కి దూకితే ఎంత శక్తి దిగుతుంది?

ఎక్కువమంది 3.8 లోంచి 2.7 తీసేసి 1.1 అన్నారు. కొందరు 0.6 అన్నారు. 650 నానోమీటర్లన్న ముక్కను ఎందుకిచ్చానో చాలామంది పట్టించుకోనే లేదు.

ఈ లూమో తీసివేత నాకు మహా చిరాకు. అచ్చయిన వ్యాసాల్లో కూడా కనిపిస్తుంది కాబట్టి తప్పు మీ ఒక్కరిదే అనను. కానీ ఇక్కడితో మానేద్దాం.

వోల్టామెట్రీలో లూమో అంకె ఎలా వచ్చింది? తటస్థంగా ఉన్న అణువుకు బయటి నుంచి ఇంకో ఎలక్ట్రాన్ ఇచ్చాం, అది రుణ అయాన్ అయింది. హోమో కోసం ఒక ఎలక్ట్రాన్ లాగేశాం, అది ధన అయాన్ అయింది. రెండింటికీ మధ్య తేడా 2.4. అంటే ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా దూరంగా ఉన్న రెండు అయాన్లను తయారుచెయ్యడానికి అయ్యే ఖర్చు అది. కాంతి ఈ రెండు పనుల్లో ఏదీ చెయ్యదు. అణువు తటస్థంగానే ఉంటుంది. ఎలక్ట్రాన్ పైకి లేస్తుంది, అది వదిలిన ఖాళీ, అంటే ధనావేశంలా నడిచే హోల్, మాత్రం పక్కనే ఉండి దాన్ని లాగుతూనే ఉంటుంది. గుంజకు కట్టేసిన దూడ లాంటిదన్నమాట, లేచింది గానీ విడిపోలేదు. ఈ జంటే ఎక్సైటాన్. దాని శక్తి 1240ని (నానోమీటర్లను ఎలక్ట్రాన్ వోల్టుల్లోకి మార్చే అంకె) 650తో భాగిస్తే వస్తుంది: 1.9. దీనికీ 2.4కీ మధ్య ఉన్న 0.5 ఎలక్ట్రాన్ వోల్టే ఆ కట్టుతాడు బలం.

0.5 అంటే చిల్లర కాదు. గది ఉష్ణోగ్రత దగ్గర ఉష్ణశక్తి 0.0257. దానికి ఇది దాదాపు ఇరవై రెట్లు. సిలికాన్‌లో ఈ బంధం 0.015 మాత్రమే, ఎందుకంటే అక్కడ డైఎలక్ట్రిక్ స్థిరాంకం (ఛార్జ్‌ల మధ్య లాగుడును పదార్థం ఎన్ని రెట్లు తగ్గిస్తుందో చెప్పే అంకె) 11.7. అందుకే సిలికాన్ చదివినవాళ్లు రెండు గీతలు గీసి తీసివేసినా ఏ ఇబ్బందీ రాదు. సేంద్రియ పదార్థాల్లో ఆ స్థిరాంకం 3, 4 మధ్యే. అదే బొమ్మను తెచ్చి ఇక్కడ అంటిస్తే అతకదు.

నేనైతే నోట్సులో డోనర్ లూమో గీత గీయడమే మానేశాను. దాని బదులు స్థితుల మెట్లు గీస్తాను. అడుగున సున్నా, అంటే ఏమీ జరగని స్థితి. పైన ఎక్సైటాన్, 1.9. డోనర్‌లో హోల్, యాక్సెప్టర్‌లో ఎలక్ట్రాన్, రెండూ పూర్తిగా విడిపోయిన స్థితికి 5.1 లోంచి 3.8 పోగా 1.3. కానీ ఎలక్ట్రాన్ దూకిన వెంటనే ఉండేది అది కాదు. రెండూ సరిహద్దుకు ఇటూ అటూ ఉండి ఇంకా లాక్కుంటూనే ఉంటాయి. ఆ లాగుడు ఎంతంటే, 1.44ని (శూన్యంలో ఒక నానోమీటరు దూరంలో ఉన్న జంట లాగుడు, ఎలక్ట్రాన్ వోల్టుల్లో) డైఎలక్ట్రిక్ స్థిరాంకంతోనూ, నానోమీటర్లలో దూరంతోనూ భాగించాలి. స్థిరాంకం 3.5, దూరం 2 అనుకుంటే 0.2. కాబట్టి ఈ స్థితి, దీన్నే ఛార్జ్ ట్రాన్స్‌ఫర్ స్థితి అంటారు, 1.3 లోంచి 0.2 పోగా 1.1 దగ్గర ఉంటుంది. దూకుడులో దిగే శక్తి 1.9 లోంచి 1.1 పోగా 0.8. 0.6 అన్నవాళ్లు పూర్తిగా విడిపోయాక మిగిలే లెక్క చెప్పారు, అడిగింది అది కాదు. (వోల్టామెట్రీ ద్రావణంలో చేస్తాం, ఘటంలోని పలుచని ఫిల్మ్‌లో అంకెలు కొంత జరుగుతాయి. ఇప్పటికి వదిలేద్దాం.)

శోషణ అంచు చూసి 1.9 అనడం కూడా మొరటు పద్ధతే. వీలుంటే శోషణ, ఉద్గార వర్ణపటాలను ఒకే ఎత్తుకు తెచ్చి, అవి ఒకదాన్నొకటి కోసుకునే చోట చదవండి. అంచుకు స్పర్శరేఖ గీయమంటే ఒక్కొక్కరు ఒక్కోలా గీస్తారు.

ఇప్పుడు మార్కస్. వేగంలో మనకు కావలసింది e మీది ఘాతాంకం ఒక్కటే: శక్తిలో మార్పుకు లాంబ్డా కలిపి, వర్గం చేసి, నాలుగు లాంబ్డాలు ఇంటూ ఉష్ణశక్తితో భాగించి, ముందు మైనస్ పెట్టండి. లాంబ్డా అంటే అణువులూ, చుట్టుపక్కలా కొత్త ఛార్జ్‌కు సర్దుకోవడానికయ్యే శక్తి. 0.4 అనుకుందాం. మార్పు మైనస్ 0.8 అయితే ఘాతాంకం మైనస్ 3.9. మైనస్ 1.1 వేస్తే మైనస్ 11.9. తేడా మూడు వేల రెట్లు! ఎక్కువ దిగితే ఇంకా వేగంగా దూకాలి కదా అంటారేమో. లాంబ్డాను దాటాక దిగుడు పెరిగేకొద్దీ వేగం తగ్గుతుంది. దీన్ని విలోమ ప్రాంతం అంటారు. మార్కస్ ముందే చెప్పినా, ప్రయోగంలో ఖాయంగా కనబడింది 1984లో. ఆయనకు నోబెల్ వచ్చింది 1992లో.

అసలు మజా ఇక్కడుంది. ఎలక్ట్రాన్ తిరిగి డోనర్‌కి పడిపోయి అంతా వేడిగా మారే దారి కూడా ఒకటుంది. ఆ దిగుడు ఛార్జ్ ట్రాన్స్‌ఫర్ స్థితి నుంచి సున్నాకి, సరిగ్గా 1.1. ఘాతాంకం మైనస్ 11.9. అంటే ముందుకు దూకడం వెనక్కి పడడం కన్నా మూడు వేల రెట్లు వేగం, ఘటం పనిచేసేది అందుకే. లూమో తీసివేత నమ్మితే రెండూ ఒకే వేగమని తేలుతుంది, అలాంటి ఘటం ఎందుకూ పనికిరాదు. 1992లో శాంటా బార్బరాలో సరిచిఫ్చి, హీగర్ బృందం పాలిమర్ (డోనర్), ఫుల్లరీన్ (బంతిలాంటి కార్బన్ అణువు, యాక్సెప్టర్) జంటలో చూసింది కూడా ఇదే: పోవడం చాలా వేగం, రావడం నెమ్మది. పోవడానికి 45 ఫెమ్టోసెకన్లు చాలని తర్వాత కొలిచారు. (విలోమ ప్రాంతంలో ఈ సమీకరణం వేగాన్ని మరీ తక్కువ చేసి చూపిస్తుంది, అణు కంపనాలను క్వాంటంగా చూడాలి. ముందు రెట్ల సంగతి పట్టుబడనివ్వండి.)

ఇంకో మాట. కాంతిని పీల్చేది యాక్సెప్టర్ అయితే? 2019లో వచ్చిన వై6 (యాక్సెప్టర్), పీఎం6 (డోనర్) జంట 15.7 శాతం సామర్థ్యం చూపించింది. అందులో వై6 930 నానోమీటర్ల దాకా పీలుస్తుంది. అప్పుడు కదిలేది హోల్, యాక్సెప్టర్ హోమో నుంచి డోనర్ హోమోకి. మెట్ల బొమ్మ మాత్రం అదే, ఎక్సైటాన్ మెట్టు ఒక్కటే మారుతుంది. లూమోలు పట్టుకుని కూర్చున్నవాళ్లకు ఇక్కడ తీసివేయడానికి ఏమీ దొరకదు.

అభ్యాసం. లాంబ్డాను 0.1 నుంచి 1.2 దాకా మారుస్తూ, మార్పు మైనస్ 0.8కి ఒకటి, మైనస్ 1.1కి ఒకటి, రెండు ఘాతాంకాల గీతలు ఒకే గ్రాఫ్ మీద చేత్తో గీయండి. అవి ఏ లాంబ్డా దగ్గర కలుస్తాయో గ్రాఫ్ లేకుండా ముందే చెప్పగలగాలి. ఆ విలువ దాటాక ముందుకు పోవడం వేగమా, వెనక్కి రావడం వేగమా? తర్వాత దూరాన్ని 2 నుంచి 1.2 నానోమీటర్లకు తగ్గించి మొత్తం మళ్లీ చెయ్యండి. ఈసారి రెండు మార్పులూ కదులుతాయి, ఒకటి పైకి, ఒకటి కిందికి.